విశాఖలో పెరిగినవాళ్లు పల్లెలో పశువుల డాక్టరుగా నెగ్గుకు రాగలరా?

గాజువాకలో బైపీసీ చదువుతున్నానని, ఎంబీబీఎస్ సీటు రాకపోతే వెటర్నరీ తీసుకుని పల్లెల్లో పనిచేయాలని ఉందని, కానీ పేడ వాసనే పడదని రాశారు. పేడ సంగతి వదిలేయండి, పది రోజుల్లో ముక్కు ఊరుకుంటుంది. నేనూ మర్రిపాలెంలో పెరిగినదాన్నే. కాలేజీలో చేరేదాకా ఆవు పొదుగు ముట్టుకుని ఎరగను.

చదువు ఐదున్నరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో కాలేజీలున్నాయి. మనకు దగ్గరిది గరివిడి. ఉద్యోగానికి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు, ఆ టెన్షన్‌కు సిద్ధపడండి.

అసలు కష్టం ఎక్కడుందో చెప్తాను. నా మొదటి పోస్టింగులో ఓ తెల్లవారుజామున ఒక పెద్దాయన వచ్చాడు. నన్ను చూసి, నా వెనకున్న అటెండరును చూసి, "డాక్టరు బాబు నేరా అమ్మా?" అన్నాడు. నేనే డాక్టర్నని చెప్పాక కాసేపు ఆలోచించి, "ఈని మూడో రోజు. రేతిరి కాణ్ణించి లెగడం నేదు" అన్నాడు. వెళ్లి చూస్తే జెర్సీ క్రాస్ ఆవు. కూలబడి, మెడ డొక్కవైపు తిప్పేసుకుని ఉంది. చెవులు పట్టుకుంటే మంచులా ఉన్నాయి. పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒళ్లు మాత్రం చల్లబడిపోతుంది. ఈనగానే రక్తంలోని కాల్షియం పాలలోకి ఒక్కసారిగా వెళ్లిపోవడం వల్ల వచ్చేది. పాలు ఎక్కువిచ్చే ఆవులకే ఎక్కువగా వస్తుంది.

కాల్షియం సీసాను వేడినీళ్ల బకెట్లో పెట్టి గోరువెచ్చగా చేసి, మెడ నరానికి ఎక్కించాను. చాలా నెమ్మదిగా ఎక్కించాలి, తొందరపడితే గుండె ఆగిపోతుంది. ఒక చేత్తో సీసా, రెండో చేత్తో స్టెతస్కోపు. సీసా అయిపోవస్తుండగా ఆవు త్రేన్చింది, ఒళ్లంతా వణికింది, పేడ వేసింది. ఇంకో పావుగంటకు లేచి నిలబడింది. ఊరంతా నన్ను దేవతలా చూసింది. అబద్ధమెందుకు, నేనూ అలాగే అనుకున్నాను.

నాలుగో రోజున ఆ ఆవు చనిపోయింది.

నేను వెళ్లకముందే ఎవరో వెదురుగొట్టంతో కషాయం పోశారట. కూలబడిన ఆవుకు మింగే శక్తి ఉండదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. "నోట్లో ఏమైనా పోశారా?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ రోజే న్యుమోనియాకు మందులు మొదలుపెట్టేదాన్ని. బతికేదని ఖాయంగా చెప్పలేనుగానీ, నేను అడగలేదు. ఆయనకు డ్వాక్రా అప్పు మీద కొన్న ఆవు అది. నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఇంకా బాధ.

ఇప్పుడు పశువును ముట్టుకునే ముందే ఇంటావిడతో మాట్లాడతాను. మేత వేసేది, పాలు తీసేది ఆవిడే కదా. మగవాళ్లను అడిగితే "బాగానే తినేదండి" అంటారు. ఆవిడైతే "నిన్న సాయంత్రం కుడితి సగం వదిలేసింది" అంటుంది. నాటువైద్యం చేశారని తిడితే మాత్రం తర్వాతిసారి దాచేస్తారు.

ఇక కొండమీద, పాడేరు వైపు, పని వేరు. ఎక్కువగా దుక్కిటెడ్లు, మేకలు, నాటుకోళ్లు. అక్కడ ఉన్నట్టుండి చచ్చి, ముక్కులోంచి రక్తం కారుతున్న పశువు కనిపిస్తే కోయకూడదు, కోయనివ్వకూడదు. అది దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. కోస్తే గాలి తగిలి ఆ క్రిములు గట్టిపడి నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. మాంసం కోసం కత్తి పట్టుకుని నిలబడ్డ ఊరివాళ్లకు ఈ మాట చెప్పి ఒప్పించడం, నన్నడిగితే, ఏ ఆపరేషన్ కన్నా కష్టం.

మీ ఆరోగ్యం గురించి కూడా ఒక మాట. రేబిస్ టీకాలు ముందే వేయించుకోండి. ఈనాక లోపలే ఉండిపోయిన మాయ తీసేటప్పుడు భుజం దాకా గ్లౌజు లేకుండా చెయ్యి పెట్టకండి. అలా పశువుల నుంచి అంటుకునే బ్రూసెల్లోసిస్ జబ్బు వచ్చి నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులతో బాధపడ్డ సీనియర్లను చూశాను.

పరీక్షలయ్యాక ఆనందపురమో, పద్మనాభమో వెళ్లి, అక్కడి పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారిని అడిగి రెండు వారాలు పొద్దున్నే నిలబడండి. మొదటి రోజు ఎద్దు పగ్గం పట్టుకోమంటారు, అంతకుమించి ఏ పనీ చెప్పరు.