శుక్రవారం వినిపించని వాక్యం

ఈ నెల ఉత్తరాలలో నాలుగు చర్చి హాళ్ల గురించే వచ్చాయి. మొదటిదానికి జవాబు పొడుగైంది. అందులో చెప్పినదాన్ని మిగతావాటిలో మళ్లీ చెప్పడం లేదు.

ప్రశ్న: మా చర్చి హాలు 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 18 అడుగుల ఎత్తు. రెండేళ్ల కిందట పాత పెంకుల కప్పు తీసి స్లాబు వేశాం. నేలకు గ్రానైటు, గోడలకు నడుమెత్తు వరకు టైల్స్ వేసి, కిటికీలకు అద్దాలు బిగించి ఏసీలు పెట్టాం. ఆదివారం ఆరాధనకు 200 మంది వస్తారు, వినడానికి పరవాలేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు 30 మంది వస్తారు. ఆ రోజు పాస్టరు గారి మాట ఒక్కటీ అర్థం కాదు. ఇప్పటికి రెండుసార్లు స్పీకర్లు మార్చాం. ఇంకా పెద్దవి కావాలని షాపువాళ్లు అంటున్నారు. ఏ కంపెనీవి కొనమంటారు?
— ఒక సంఘ పెద్ద, రేపల్లె మండలం

జవాబు: ఏ కంపెనీవీ కొనకండి. షాపువాళ్ల మీద నాకు కోపం లేదు, ఇరవై ఏళ్లు నేనూ అమ్మినవాడినే. కానీ మీ జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. రెండు రోజులూ స్పీకర్లు అవే, పాస్టరు గారూ ఆయనే. శుక్రవారం తగ్గింది 170 మంది మనుషులు.

మనిషి శబ్దాన్ని మింగుతాడు. ఒంటిమీది బట్టలు, ఆడవాళ్లు తలమీద కప్పుకునే కొంగులు, ఒళ్లో పిల్లలు, అన్నీ మింగుతాయి. కూర్చున్న మనిషి ఒకరు సుమారు నాలుగు చదరపు అడుగుల తెరిచిన కిటికీతో సమానం. తెరిచిన కిటికీ అని వర్ణన కోసం అనలేదు, ఈ శాస్త్రంలో కొలతే అది. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కాబట్టి దాన్ని నూటికి నూరు పాళ్లు మింగేదిగా లెక్క కడతారు. గ్రానైటు, టైలు, సిమెంటు పూత నూటికి రెండు మూడు పాళ్లు మింగితే ఎక్కువ. మిగిలినదంతా హాల్లోకే తిప్పికొడతాయి.

మీరు పంపిన కొలతలతో లెక్క వేశాను. హాలు 32,400 ఘనపుటడుగులు. దాన్ని 0.049తో గుణించి, హాల్లో శబ్దాన్ని మింగే చదరపు అడుగులతో భాగిస్తే, ఒక శబ్దం పుట్టాక పూర్తిగా సద్దుమణగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో తెలుస్తుంది. మీ గోడలు, నేల, స్లాబు కలిపి 6,840 చదరపు అడుగులు ఉన్నాయి. అంత వైశాల్యమూ కలిసి మింగేది దాదాపు 205 చదరపు అడుగుల తెరిచిన కిటికీ అంతే. ఆదివారం 200 మంది వచ్చి దానికి 800 కలుపుతారు, ఒకటిన్నర సెకన్లలో శబ్దం అణుగుతుంది. శుక్రవారం 30 మంది కలిపేది 120. అప్పుడు దాదాపు అయిదు సెకన్లు. ప్రసంగానికి ఒక సెకను చాలు. పాటకు ఒకటిన్నర వరకూ బాగుంటుంది, కీర్తన నిండుగా వినిపిస్తుంది. అయిదు సెకన్లంటే బావిలో మాట్లాడినట్టే.

తెలుగుకు ఇందులో ఇంకో కష్టం ఉంది. మనది అజంత భాష, మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి. అచ్చు బలంగా, పొడుగ్గా మోగుతుంది. హల్లు చిటుక్కున వచ్చి పోతుంది. వెనక మాట చివరి అచ్చు హాల్లో ఇంకా మోగుతూనే ఉంటే, తరవాతి మాట మొదటి హల్లు దాని కింద మునిగిపోతుంది. ‘పాలు’ అంటే ‘ఆలు’ మిగులుతుంది. అది పాలో, కాలో, తాలో వినేవాళ్లు ఊహించుకోవాలి. స్పీకరు పెద్దది చేస్తే పాస్టరు గారి హల్లుతో పాటు వెనకటి అచ్చూ అంతే పెద్దదవుతుంది. రెండుసార్లు మార్చినా తేడా కనిపించనిది అందుకే.

ఈ చిక్కును మొదట విప్పిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం అని కొత్త భవనం కట్టారు. దాని ఉపన్యాస మందిరంలో ఒక మాట పలికితే అయిదున్నర సెకన్ల పాటు వినిపించేది. దీని సంగతి చూడమని వాలెస్ సబీన్ అనే కుర్ర భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడికి అప్పగించారు. ఆయన చేతిలో ఉన్నవి ఒక ఆర్గాన్ గొట్టం, ఒక గడియారం, సొంత చెవులు. పొరుగున ఉన్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు రాత్రిళ్లు మోయించుకొచ్చి హాల్లో పరిచేవాడు. కొన్ని మెత్తలు వేయడం, గొట్టం ఊది ఆపడం, శబ్దం ఎంతసేపు నిలిచిందో రాసుకోవడం, ఇంకొన్ని వేయడం. తెల్లారేసరికి మెత్తలన్నీ థియేటర్‌కు తిరిగి చేర్చాలి. పైన నేను వేసిన లెక్క ఆ మెత్తలలోంచి పుట్టినదే. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకు శబ్దం లెక్కలు కట్టింది కూడా ఆయనే.

మీరూ అదే చేయండి. రూపాయి ఖర్చు పెట్టకముందు, ఒక గురువారం సాయంత్రం విశ్వాసుల ఇళ్ల నుంచి ఇరవై దూది పరుపులు, బొంతలు తెప్పించండి. వేదికకు ఎదురుగా ఉన్న వెనక గోడకు తాళ్లతో వేలాడదీయండి. మిగిలినవి పక్క గోడలకు, టైల్స్‌కు పైన కట్టండి. గోడకు అతికించకుండా బెత్తెడు ఎడం ఉంచితే ఇంకా బాగా మింగుతాయి.

బాగుపడిందో లేదో చెవిని నమ్మకండి, కష్టపడి కట్టిన పరుపులు కాబట్టి బాగుపడినట్టే అనిపిస్తుంది. నా డైరీలో ఒక పేజీ ఉంది. పాలు, కాలు, చాలు, తాలు, వాలు, నీరు, చీరు, తీరు, ఇలా మొదటి హల్లు ఒక్కటే మారే ఇరవై మాటలు. సండే స్కూలు పిల్ల ఒకతెను వేదిక మీద నిలబెట్టి, వరస కలిపేసి మెల్లగా చదవమంటాను. వెనక వరసలో కూర్చున్నవాళ్లు విన్నది విన్నట్టు కాగితం మీద రాయాలి. ఒక ఊళ్లో రాయడం రాని పెద్దామె పక్కన మనవరాలిని కూర్చోబెట్టుకుని చెప్పి రాయించింది. ఇరవైలో తొమ్మిది సరిపోయాయి. పరుపులు కట్టి వరస మార్చి చదివిస్తే పదహారు. ‘నాకు చెవుడు వచ్చిందని కోడలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది బాబూ’ అంది ఆమె. ఆ మందుల సంచీ కూడా చర్చికి వెంట తెచ్చుకుంది.

పరుపులతో తేడా తెలిస్తే అప్పుడు శాశ్వతంగా చేయించండి. రెండంగుళాల మందం రాక్‌ఊల్ (రాతిని కరిగించి తీసిన పీచు) పలకలు తీసుకుని చెక్క చట్రంలో అమర్చి, మీద పలుచటి నూలు గుడ్డ కప్పాలి. ఆ గుడ్డకు నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. పోకపోతే శబ్దమూ పోదు. వడ్రంగికి చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, ఆ పీచు ఒంటికి తగిలితే దురద పెడుతుంది. మీ హాలుకు 500 చదరపు అడుగులు సరిపోతాయి. వెనక గోడకు ఎక్కువ వాటా ఇవ్వండి. శుక్రవారం అయిదు సెకన్లు రెండుకు దిగుతాయి, ఆదివారం ఒకటికి వస్తుంది. శుక్రవారం ఏసీ ఆపి కిటికీలు తెరిస్తే ఇంకాస్త దిగుతుంది. పాత పెంకుల హాలులో ఈ బాధ లేకపోవడానికి కారణాలలో ఆ తెరిచిన కిటికీలు ఒకటి. పెంకుల సందులు ఇంకొకటి.

ఈ పనంతా అయ్యేదాకా శుక్రవారం మైకు ఆపేయండి. ముప్పై మందినీ వేదిక ముందు పది అడుగుల లోపల అర్ధచంద్రంగా కూర్చోబెట్టి, పాస్టరు గారిని గొంతు తగ్గించి, ఆగి ఆగి చెప్పమనండి. సగం కష్టం అక్కడే తీరుతుంది.

ప్రశ్న: కొత్త చర్చి కడుతున్నాం. మెదక్ చర్చిలా ఎత్తుగా, గంభీరంగా ఉండాలని సంఘం కోరిక. ఇంజనీరు గారు వేదిక మీద గుమ్మటం, వెనక గోడ అర్ధవృత్తంగా గీశారు. మా ఆరాధనలో కీబోర్డు, ప్యాడ్స్, గంటంపావు ప్రసంగం ఉంటాయి. శబ్దం బాగుంటుందా?
— ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: గుమ్మటమూ వంపు గోడా చూపుకు బాగుంటాయి, చెవికి ఉండవమ్మా. లోపలికి వంగిన గోడ శబ్దాన్ని భూతద్దం ఎండను పోగేసినట్టు ఒక్కచోటికి పోగేస్తుంది. ఆ చోట కూర్చున్న నలుగురికి అరుపులా, వాళ్ల పక్కవాళ్లకు గొణుగుడులా వినిపిస్తుంది. వెనక గోడ వేదికకు 60 అడుగుల దూరంలో ఉంటే మాట వెళ్లి తిరిగి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. ప్రసంగించేవారికి తన మాటే ఆలస్యంగా వెనక్కి వచ్చి నాలుక తడబడుతుంది. గోడను వంచాలనే ఉంటే మధ్యభాగం హాలులోకి ఉబ్బేలా వంచమనండి, అప్పుడు శబ్దం చెదురుతుంది. లేదా ఇటుక జాలీ కట్టించి దాని వెనక రాక్‌ఊల్ పెట్టించండి, గోడ గోడలాగే కనిపిస్తుంది. పక్క గోడలు రెండూ నున్నగా, ఎదురెదురుగా ఉంటే చప్పట్లు కొట్టినప్పుడు ‘ట్రర్ర్’ అని గిలక తిరిగినట్టు మోగుతుంది. పది అడుగుల పొడవుకు ఒక అడుగు చొప్పున ఒక గోడను వారగా తిప్పితే అది పోతుంది.

మెదక్ చర్చి సంగతి వేరు. 1914లో పాస్నెట్ అనే మిషనరీ దొర కరువు రోజుల్లో పనికి అన్నం పెట్టి మొదలుపెట్టించిన కట్టడం అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 5,000 మంది పట్టే హాలు. పైకప్పులో శబ్దాన్ని మింగే గుల్ల పదార్థం వాడారని చెబుతారు. అంటే అప్పట్లోనే దీని గురించి ఆలోచించారన్నమాట. మీరు ఆ ఎత్తు తీసుకుని ఆ ఆలోచన వదిలేస్తే ఎలా? పైగా అలాంటి ఎత్తు నెమ్మదిగా సాగే బృందగానానికి నప్పుతుంది. మీ దగ్గర కీబోర్డు, ప్యాడ్స్, గంటంపావు ప్రసంగం అని రాశారు. గోపురం బయట ఎంత ఎత్తయినా కట్టుకోండి, హాలు పైకప్పు మాత్రం 20 అడుగుల దగ్గర ఆపండి. గుమ్మటానికి పెట్టే డబ్బుతో ప్రసంగ వేదిక మీద ఏటవాలుగా ఒక చెక్క పందిరి వేయించండి. మైకులు లేని రోజుల్లో ఐరోపా చర్చిలలో బోధకుడి తల మీద అలాంటి చెక్క కప్పు ఉండేది, మాటను పైకి పోనివ్వకుండా జనం మీదికి వంచేది.

ప్రశ్న: గోడలకు కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ అంటిస్తే చాలదా?
— నర్సాపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: చాలదు. థర్మోకోల్ లోపలి గుల్లలు మూసుకుని ఉంటాయి, శబ్దం అందులోకి దూరదు. గుడ్ల అట్టలు పైస్థాయి శబ్దాన్ని కాస్త గోకుతాయంతే, మనిషి గొంతు జోలికి రావు. రెండూ నిప్పంటుకుంటే భగ్గుమంటాయి, పక్కనే సీరియల్ లైట్ల తీగలు. క్రిస్మస్ చెట్టు దగ్గర అసలే వద్దు.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను, మా చర్చిలో మిక్సర్ దగ్గర కూర్చుంటాను. పాటలప్పుడు మైకు ‘కూ’ అని కూస్తుంది. అందరూ వెనక్కి తిరిగి నావైపే చూస్తారు. నేను ఏం చేయాలి సార్?
— ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: ఆ చూపులు నాకూ తెలుసు బాబూ. మా నాన్న మైకుసెట్టు అద్దెకిచ్చేవారు. ఎనిమిదో తరగతిలో నేనూ బాకా కూసినప్పుడల్లా తిట్లు తిన్నాను.

స్పీకర్లోంచి వచ్చినది మైకులో మళ్లీ దూరి తిరిగి స్పీకర్లోకి వెళ్తే కూత పుడుతుంది. అందుకని స్పీకర్లు మైకులకు ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. మీ స్పీకర్లు వేదిక వెనక గోడకు ఉన్నాయేమో చూడు. ఉంటే ముందుకు జరిపించు, మిగతా పనులు తరవాత. పాడేవాళ్లు మైకును మూరెడు దూరంలో పట్టుకుంటే జానెడుకు తీసుకురమ్మను. దూరం సగమైతే మైకులోకి చేరే గొంతు ఆరు డెసిబెల్స్ (శబ్దం బలాన్ని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది, అంతమేర నువ్వు మీట కిందికి దించవచ్చు. పాడనివాళ్ల మైకులు మూసి ఉంచు. తెరిచిన మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత మూడు డెసిబెల్స్ దగ్గరికి వస్తుంది. ఆరుగురు పాడుతుంటే ఆరు మైకులు ఎందుకు? ఇద్దరికి ఒకటి చాలు, దగ్గరగా నిలబడి పాడితే శ్రుతి కూడా కలుస్తుంది.

మీ మిక్సర్ మీద ‘ఎకో’ అని ఒక బొత్తం ఉంటుంది. పాటకు కావాలంటే కొద్దిగా పెట్టుకో. ప్రసంగం మొదలయ్యేసరికి సున్నాకు తిప్పి దాని మీద పట్టీ అంటించు. పాస్టరు గారు ‘గొంతు పలచబడింది, కాస్త ఎకో పెట్టు బాబూ’ అని సైగ చేస్తారు. సరేనన్నట్టు తల ఊపి, పట్టీ మాత్రం తీయకు.