టేబుల్ జ్యూక్‌బాక్స్ ఇంట్లో తయారు చేసుకోవాలంటే ఎంత సైజు టచ్ స్క్రీన్ కొనాలి? ఖర్చెంత అవుతుంది?

ఏ సైజూ కొనకండి. స్క్రీన్ పెట్టారంటే అది చెక్క చొక్కా తొడుక్కున్న సెల్‌ఫోన్ అయిపోతుంది. బటన్ నొక్కితే టక్కుమనాలి, పాట మొదలవ్వాలి. అదీ జ్యూక్‌బాక్సంటే.

అమెరికా హోటళ్ళలో టేబుల్ మీద ఉండే చిన్న పెట్టెల్లో అసలు రికార్డులే ఉండేవి కావు. అవి పాట ఎంచుకోవడానికి మాత్రమే. మీరు నొక్కిన నంబరు తీగ గుండా ఓ మూల ఉన్న పెద్ద మెషీనుకి వెళ్ళేది, పాట అక్కడి రికార్డు మీంచి మోగేది. 1948లో సీబర్గ్ కంపెనీ తెచ్చిన ఎం100ఏ అనే మెషీన్‌లో 50 రికార్డులు, రెండు వైపులా కలిపి 100 పాటలు. అప్పట్లో అదే గొప్ప. మనకేమో మెమరీ కార్డులో వేల పాటలుండాలి, ఒక్కటీ పూర్తిగా వినం.

మాది ఆంధ్రా సరిహద్దులో, ఒడిశా వైపున్న పర్లాకిమిడి. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అందుకే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు జోలికి పోలేదు. నడుస్తుండగా కరెంటు పోతే దాని కార్డు పాడయ్యే భయం ఎప్పుడూ ఉంటుంది. పైగా కొత్త పై 5కి హెడ్‌ఫోన్ జాక్ కూడా తీసేశారు. డీఎఫ్‌ప్లేయర్ మినీ అని, మెమరీ కార్డులోని పాటలు వాయించే బొటనవేలంత మాడ్యూల్ ఉంది, అది చాలు. 32 జీబీ దాకా కార్డు పెట్టుకోవచ్చు. దానికి బటన్ల కోసం రెండు పిన్నులున్నాయి. వేర్వేరు విలువల రెసిస్టర్లతో కడితే ఒక్కో పిన్నుకి 10 బటన్లు. వాల్యూమ్‌కీ, ముందూ వెనకా పాటలకీ, మిగతా పనులకీ 6 పోగా 14 పాటలకి నేరుగా బటన్లు దొరుకుతాయి. ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. 4 ఓమ్‌ల చిన్న స్పీకర్ అయితే విడిగా ఆంప్లిఫయర్ కూడా అక్కర్లేదు, 3 వాట్ల లోపు స్పీకర్ని అదే మోగిస్తుంది. ఒక్క జాగ్రత్త: పాటలన్నీ ఒకేసారి కార్డులోకి లాగి పడేయకండి. అది పేరు చూడదు, ఏది ముందు కాపీ అయిందో దాన్నే ఒకటో నంబరు అనుకుంటుంది. ఒక్కొక్కటే వరసగా వేసుకోండి.

అసలు కథ పెట్టెది. వీడియోల్లో ప్రతివాడి వెనకా ఓ లేజర్ కటింగ్ మెషీన్ ఉంటుంది. మనకి ఉన్నది వీధి చివర వడ్రంగి. 1946 నాటి వుర్లిట్జర్ 1015 అనే జ్యూక్‌బాక్స్ ఫొటో పట్టుకెళ్ళి చూపించాను, పైన కమానులా గుండ్రంగా ఉంటుందే, అది. ఆయన ఒడియా మనిషి, తెలుగు మనలాగే మాట్లాడతాడు. ఫొటో దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "ఏ దేవుడికి బాబూ?" అన్నాడు. పాటల పెట్టె అన్నాను. "మరి తలుపుల్లేవేటి? బల్లులు దూరవా?" అన్నాడు. ఆయన చేతి మీదుగా పూజా మందిరాలు ఎన్ని వెళ్ళాయో లెక్కలేదు. కమాను వంచడం ఆయనకో పని కాదు. 6 ఎంఎం ప్లైవుడ్‌కి లోపలివైపు రంపంతో దగ్గరదగ్గరగా గాట్లు పెట్టాడు. తడిగుడ్డతో తుడిచి, 12 ఎంఎం పక్కచెక్కల మీదుగా మెల్లగా వంచాడు. గాటు తక్కువైతే వంగదు, ఎక్కువైతే ఫట్‌మని పోతుంది, ఆ లోతు చేతికి తెలియాలంతే. గాట్లలోకి ఫెవికాల్, రంపపు పొట్టు కలిపి కూరాడు. అదంతా చూస్తూ నేను అక్కడే కూర్చున్నాను. మర్నాడు వెళ్ళేసరికి అడుగున అగరబత్తీలకి సొరుగు, పైన కలశానికి చిల్లు! వద్దని అంత చెప్పినా చేతులు ఊరుకోలేదు ఆయనకి. కూలి కూడా మందిరం రేటే తీసుకున్నాడు. సొరుగులో ఇప్పుడు ఛార్జరు ఉంటుంది, చిల్లులో పసుపు ఎల్‌ఈడీ.

ఖర్చు అడిగారు కదా, ఎలక్ట్రానిక్స్ మొత్తం కలిపినా చెక్క పనిలో సగం కాదు. వెనక పలక మేకులు కొట్టకుండా స్క్రూలతో బిగించి, అంచు చుట్టూ పల్చటి ఫోమ్ పట్టీ వేయండి. లేకపోతే డోలు మోగినప్పుడల్లా పలక జుయ్‌మంటుంది.

14 పాటలేనా అని నవ్వుతారేమో. క్యాసెట్ షాపులో చీటీ రాసిచ్చి పాటలు నింపించుకున్నవాళ్ళని అడగండి. 60 నిమిషాల క్యాసెట్టులో పట్టేవి డజనుకి కాస్త అటూ ఇటూ. ఆ చీటీ కోసం ఇంట్లో ఎంత గొడవ జరిగేదో, మా ఇంట్లో మళ్ళీ అంతా జరిగింది. అమ్మకి ఘంటసాల పద్యాలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. మా ఆవిడ పుట్టిల్లు బరంపురం, ఆవిడకి ఒడియా గాయకుడు అక్షయ మహంతి ఉండాల్సిందే. మా అబ్బాయి కోరినవి పాటలని నేను ఒప్పుకోను, అయినా రెండు బటన్లు ఇచ్చాను.

బటన్లకి పాటల పేర్లు రాసే లేబుళ్ళ దగ్గర నాకు ఒళ్ళు మండింది. మా అబ్బాయి తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవలేడు. బళ్ళో ఇంగ్లీషు, ఒడియా. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది! సరిహద్దుకి ఇవతల ఉన్నామని మన లిపి ఇంట్లోంచి ఇలా వెళ్ళిపోతుంటే ఎవరికీ పట్టదు. చివరికి లేబుల్ మీద పైన తెలుగు, కింద ఒడియా రాశాను. ప్రింటు తీయకండి, చేత్తో రాయండి. పైన అక్రిలిక్ ముక్క బిగిస్తే చెమట చేతులకి చెదరదు.

ఇంత చెప్పినా స్క్రీనే కావాలంటే పాత టాబ్లెట్ ఒకటి స్టాండులో నిలబెట్టి, పక్కన బ్లూటూత్ స్పీకర్ పెట్టుకోండి. దానికోసం ప్లైవుడ్ మాత్రం కొయ్యకండి.