మార్నింగ్ షో బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

గుంటూరు, బ్రాడీపేట

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజీలన్నీ చదివాను. ఫోన్లో అంత పొడుగు జవాబు కొట్టడం నా వల్ల కాదు, అందుకే కాగితం పట్టుకున్నాను. బెజవాడ గాంధీనగర్ వైపు పాత హాల్లో ఆదివారం మార్నింగ్ షోకి విదేశీ సినిమాలు వేస్తున్నారనీ, టికెట్టు నీ టిఫిన్ ఖర్చు కంటే తక్కువేననీ రాశావు. సంతోషం. చూసిన ప్రతి సినిమా మీదా అభిప్రాయం రాసి స్నేహితులకి పంపుతున్నావట, అదీ మంచి అలవాటే. కానీ 'టోక్యో స్టోరీ' గురించి నువ్వు రాసింది చూసి ఒళ్ళు మండింది. స్లోగా ఉందట, మసకగా ఉందట, సగం మొహాలు కనపడలేదట, ఐదుకి రెండు స్టార్లట! అందులో సగం ఆ హాలు తప్పు. తీసుకెళ్ళి పాపం దాన్ని తీసిన జపాన్ దర్శకుడు ఓజు నెత్తిన రుద్దావు.

చవక హాల్లో చూసేవాడు మొదట నేర్చుకోవాల్సింది ఇదేరా. ఏది సినిమా తప్పో, ఏది హాలు తప్పో విడదీసుకోవాలి. ఆ తర్వాత మిగిలిందే నీ అభిప్రాయం.

'టోక్యో స్టోరీ' 1953 నాటిది. ఆ బొమ్మ ఇప్పటి వెడల్పు తెర (స్కోప్) సినిమాలా అడ్డంగా సాగి ఉండదు, ఇంచుమించు చదరంగా ఉంటుంది. తెర నిండాలని దాన్ని పెద్దది చేసి వేస్తే పైన తలలు తెగుతాయి, కింద సబ్‌టైటిల్స్ పోతాయి. ఓజు కెమెరాని చాప మీద కూర్చున్న మనిషి కళ్ళ కంటే కూడా కిందికి దించి పెట్టేవాడు. అలాంటివాడి సినిమాకి కింది భాగం కోసేస్తే ఇంకేం మిగిలింది? ఈసారి పావుగంట ముందు వెళ్ళి ఆపరేటర్‌ని కలువు. "అన్నా, ఇది పాత సినిమా, పక్కల నల్లగా ఖాళీ ఉన్నా పర్లేదు, బొమ్మ కోయకుండా వెయ్యండి" అని మర్యాదగా అడుగు. గొడవ పెట్టుకోకు. 1921లోనే మారుతీ సినిమా హాలు వెలిసిన ఊరు మీ బెజవాడ. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులన్నీ ఆ గాంధీనగర్‌లోనే. అక్కడ పనిచేసేవాళ్ళకి సరిగ్గా చెబితే తప్పకుండా అర్థమవుతుంది. ఇక మసక అంటావా, ప్రొజెక్టర్ ల్యాంపు పాతబడితే నలుపూ బూడిద రంగూ కలిసిపోతాయి. దానికి నువ్వు చేయగలిగింది లేదు, కానీ రివ్యూలో మాత్రం దర్శకుణ్ణి తిట్టకు.

సీటు మధ్య వరసల్లో, నడవా పక్కన చూసుకో. ముందువాడి తల అడ్డొస్తే పక్కకి వంగి చదువుకోవచ్చు. ఫ్యాన్ల మోతకి మాటలు వినపడలేదని కూడా రాశావు. జపనీస్ మాటలు వినపడితే మాత్రం నీకేం అర్థమయ్యేవిరా? స్పీకర్లు బాగాలేని హాల్లో సబ్‌టైటిల్స్ సినిమాని మించింది లేదు.

ఇంటర్వెల్ సంగతి. ఇలాంటి సినిమాల్లో చాలావాటికి అసలు ఇంటర్వెల్ ఉండదు. క్యాంటీన్ కోసం మనవాళ్ళే మధ్యలో ఆపుతారు. నువ్వు చూసిన షోలో, టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వచ్చిన ముసలి అమ్మానాన్నలు, పిల్లలు పంపించిన ఆతామి అనే వేడినీటి బుగ్గల ఊరి నుంచి అనుకున్నదాని కంటే ముందే వెనక్కి వచ్చే దగ్గర ఆపారన్నావు. సరిగ్గా అక్కడే కదా వాళ్ళకి ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న సమస్య మొదలయ్యేది! నువ్వు సమోసా తినివచ్చి కూర్చునేసరికి ఆ బాధ కాస్తా చల్లారిపోయింది, సినిమా నీకు స్లో అయింది. ఇంటర్వెల్లో సీటు వదలకు. ఫోన్ అసలే తీయకు.

ఇప్పుడు సినిమా మాట. "ఏమీ జరగదు" అన్నావు చూడు, దాంతో నేను ఒప్పుకోను. అమ్మానాన్నలు ఊరినుంచి వస్తారు. పెద్దకొడుకు డాక్టరు, ఆదివారం ఊరు చూపిద్దామని అందరూ బయల్దేరుతుంటే పేషెంటు కోసం కబురొస్తుంది. కూతురిది జుట్టు కత్తిరించే దుకాణం, మొగుడు అత్తమామల కోసం మంచి కేకులు తెస్తే అంత ఖరీదువి ఎందుకని గొణుగుతుంది. అమ్మ పోయాక భోజనాల దగ్గరే, అమ్మ బట్టల్లో ఫలానావి నాకు కావాలని అడిగేస్తుంది. మన సినిమాలో అయితే ఆ మాటకి చెంప పగిలేది, వెనక వీణ మోగేది, హాలంతా చప్పట్లు కొట్టేది. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు, తినడం కానిస్తారు. మా అత్తగారు పోయినప్పుడు మనింట్లో గాజుల దగ్గర ఏం జరిగిందో మీ అమ్మనడుగు, చెబుతుంది. అలా అడిగినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ కూతురూ కాదు. కన్నవాళ్ళని చూడని పిల్లల మీద మనవాళ్ళు తీసిన సినిమాలన్నిటిలో నాకు నచ్చనిది అదే, వాళ్ళని విలన్లని చేసేసి మనల్ని తప్పించేస్తారు. ఓజు తప్పించడు. నాకది గొప్పగా కనపడింది. నీకు అనిపించకపోతే ఫర్వాలేదు, కానీ ఫలానా సీను దగ్గర విసుగొచ్చింది, ఎందుకంటే ఇదీ అని రాయి. స్టార్లు వద్దు.

'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' (1997) కి ఐదు స్టార్లు ఇచ్చావు, పరుగు పందెంలో ఏడ్చానని. మూడో బహుమతిగా బూట్లు వస్తాయని పరిగెత్తిన పిల్లాడు మొదటివాడై ఏడుస్తుంటే ఎవరికైనా ఏడుపు వస్తుంది. ఆ ఇరాన్ దర్శకుడు మజీదీ అక్కడ మన గుండె కొంచెం గట్టిగానే నొక్కాడని నా ఫిర్యాదు. నాకు నచ్చింది వాళ్ళ నాన్న. ఇంట్లో కూర్చుని మసీదువాళ్ళ పంచదార దిమ్మలు ముక్కలు కొడుతూ, తన టీలోకి మాత్రం అందులోంచి ఒక్క ముక్క తీసుకోడు. తోటపని వెతుక్కుంటూ ధనవంతుల వీధికి వెళ్ళి, గేటు దగ్గర బెల్లు కొట్టి మాట పెగలక నిలబడతాడు, పిల్లాడే మాట్లాడాల్సి వస్తుంది. ఆ సీను గురించి నువ్వొక్క ముక్క రాయలేదేం?

ఊరిని దొంగల నుంచి కాపాడమని రైతులు జపాన్ కత్తివీరుల్ని (సమురాయ్‌లని) పిలుచుకొచ్చే 'సెవెన్ సమురాయ్' సగం కోసెయ్యొచ్చన్నావు. మూడున్నర గంటల సినిమా, నిజమే. మొదటి భాగంలో మనుషుల్ని ఏరుకోవడం నాకు తగ్గించాలనిపించదు. కావాలంటే ఆ కుర్ర సమురాయ్ ప్రేమ వ్యవహారం కొంత తీసెయ్, నేను అడ్డురాను. కృష్ణా డెల్టాలో పుట్టినవాడివి, రైతులు తాము చిరుధాన్యాలు తింటూ కాపలాకి వచ్చినవాళ్ళకి తెల్లన్నం పెట్టడం నీ కంట్లో పడకపోతే ఎలా? చివర్లో నాట్ల పాట కూడా ఉంది. ఆ సినిమాకి ఇంటర్వెల్ దర్శకుడు కురొసావా తనే పెట్టాడు, కాబట్టి ఆ సమోసా మీద నాకు అభ్యంతరం లేదు.

డబ్బింగ్ వద్దని శపథాలు చెయ్యకు. బ్రూస్‌లీ సినిమా తెలుగులో, ఈలల మధ్య చూడాలి. 'ఎంటర్ ది డ్రాగన్'లో కథ ఏముంది గనక, ఆఖర్న అద్దాల గదిలో కొట్లాట తప్ప? ఆ గది చాలు. మా రోజుల్లో ఆడవాళ్ళ క్యూ చిన్నగా ఉండేది, మీ పెదనాన్నకీ ఆయన స్నేహితులకీ నేనే టికెట్లు తెచ్చేదాన్ని.

ఇంకొకటి. చూసి బయటికి వచ్చిన వెంటనే ఇతరులు ఏమన్నారో వెతక్కు. కొరియా సినిమా 'పారసైట్'కి 2020లో ఆస్కార్ రాగానే, అది ఇంగ్లీషు కాని సినిమాకి మొదటిసారి వచ్చిన ఉత్తమ చిత్రం బహుమతని అందరూ నోరు తెరిచారు. వాన రాత్రి వరకూ నాకూ నచ్చింది. ఆఖరి కత్తిపోట్ల గందరగోళం నచ్చలేదు. ఆ మాట పైకి అంటే మీ పెదనాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానెయ్యనీ.

వచ్చే నెల మొదటి ఆదివారం నేను బెజవాడ వస్తున్నాను. ఏ సినిమా అయినా సరే, నాకూ టికెట్టు తీసి ఉంచు. మోకాళ్ళ నొప్పులు కాబట్టి మెట్లెక్కే పని లేని సీటు చూడు. ఆపరేటర్‌తో మాట్లాడే పని మాత్రం నీదే.

ఇట్లు,
పెద్దమ్మ