1990ల నాటి హైదరాబాదుపై నవల రాయడానికి సమాచారం ఎలా సేకరించాలి?

1996 ప్రాంతపు హైదరాబాదు నేపథ్యంగా నవల రాయాలనుకుంటున్నాననీ, ఆ రోజుల్లో ఆ ఊళ్లో లేనివారు సమాచారం ఎక్కడ వెతుక్కోవాలనీ మీరు అడిగారు. మద్యనిషేధం అమల్లో ఉన్న నాటి హైదరాబాదు గురించి నేనొక నవల రాశాను కనుక, నాకు ఉపయోగపడిన పద్ధతి చెబుతాను.

నూరేళ్ల కిందటి నగరం కన్నా ముప్పై ఏళ్ల కిందటి నగరం గురించి రాయడమే కష్టమని నా అభిప్రాయం. 1908 నాటి మూసీ వరదను చూసినవారెవరూ ఇప్పుడు మీ నవల చదవరు. 1996లో ఆ రోడ్ల మీద తిరిగినవారు తప్పక చదువుతారు. అయితే వారి జ్ఞాపకాల్లో కూడా ఏళ్లు కలిసిపోయి ఉంటాయి. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998లో, ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చినది 2003లో. సెల్‌ఫోనుకు వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టే పద్ధతి పోయినదీ ఆ ఏడాదే. శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలయ్యేదాకా విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. మాటల్లో ఇవన్నీ "అప్పట్లో" అనే ఒకే కాలంలోకి చేరిపోతాయి.

అందుకని తేదీ తెలిసిన సంఘటనను ముందు పెట్టి అడగాలి. 1996లో మీ వీధి ఎలా ఉండేదని అడిగితే నాకు పొడిపొడి జవాబులే వచ్చాయి. ఎన్.టి. రామారావు గారు పోయిన రోజు, అంటే 1996 జనవరి 18న, మీరెక్కడున్నారు, ఇంటికెలా చేరారు అని అడిగినప్పుడు మాత్రం ఎవరింట్లో కూర్చుని టీవీ చూశారో, ఆ సాయంత్రం ఏ దారిన నడిచారో వరసగా చెప్పుకొచ్చారు. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని నిలబెట్టిన 1992 డిసెంబరు, సూర్యగ్రహణం పట్టిన 1995 అక్టోబరు 24 కూడా ఇలాగే పనికొచ్చాయి.

పత్రికల కోసం అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికీ, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికీ వెళ్లండి. 1995 జనవరిలో నిషేధం వచ్చిందనీ, 1997లో ఎత్తివేశారనీ మొదటి పేజీలు చెబుతాయి. కానీ నవలకు కావలసిన సరుకు లోపలి పేజీల్లోనే ఉంటుంది. అద్దె ఇళ్ల ప్రకటనలు, సినిమా హాళ్ల పట్టిక, నీటి ఎద్దడి మీద పాఠకుల ఉత్తరాలు, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగచాటుగా వస్తూ పట్టుబడిన సీసాల గురించిన నాలుగు లైన్ల వార్త: వీటిని చదువుతుంటేనే నా పాత్రల నెల ఖర్చూ, భయాలూ నాకు అర్థమయ్యాయి. మీ కథ 2001 దాకా సాగితే ఒక సంగతి గుర్తుంచుకోండి: 2000 చివర మూతపడిన ఆంధ్రజ్యోతి మళ్లీ 2002లోనే వచ్చింది కనుక, నడుమ కాలానికి ఇతర పత్రికలే దిక్కు.

పాతబస్తీ గురించి రాసేటట్లయితే సియాసత్ వంటి ఉర్దూ పత్రికలు చూడకుండా మొదలుపెట్టవద్దు. ఉర్దూ లిపి రాకపోతే వచ్చినవారి చేత చదివించుకుని రాసుకోండి. కర్ఫ్యూలో పాల కోసం ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్లేవారు, సడలింపు వేళలు ఎలా తెలిసేవి అన్నవి తెలుగు పత్రికల్లో నాకంతగా కనబడలేదు.

1990 డిసెంబరులో జరిగిన మత అల్లర్లలో అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. వారిని కలిస్తే మీరు రాస్తున్నది నవల అని ముందే చెప్పండి. వారి ఇంటి విషాదాన్ని గుర్తుపట్టేలా వాడుకోవద్దు. గల్లీనీ, ఇంటినీ, మనుషుల్నీ కల్పించుకునే స్వేచ్ఛ మీకుంది. చార్మినార్ నుంచి అఫ్జల్‌గంజ్‌కు నడిచే మనిషి మూసీ మీది నయాపూల్ వంతెన దాటడం మాత్రం మార్చకండి.