స్టార్ గుర్తును దాచొద్దమ్మా

కావలి

అమ్మణ్ణీ,

సోమవారం మీ ఆఫీసు మీటింగ్‌లో టైపులకు, అంటే కోడ్‌లోని డేటా రకాలకు, పేర్లెలా పెట్టాలో తేల్చేది నువ్వేనని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. పన్నెండు లక్షల లైన్ల సీ భాష కోడ్‌లో మన పిల్ల మాటకు విలువ! పెద్దమ్మకు రెండుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు. అండర్‌స్కోర్ టీతో (_t) ముగిసే పేర్లను యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం పోసిక్స్ తనకోసం ఉంచుకుంది, మీరు కొత్తగా ఆ తోక తగిలించొద్దు. సైజు ముఖ్యమైన చోట లాంగ్ అనే పూర్ణసంఖ్య టైపు వాడొద్దు. 64 బిట్ లైనక్స్‌లో అది 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4. పాత పేర్లన్నీ ఒక్కరోజులో మార్చొద్దు. మన కందుకూరు 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు వచ్చినప్పుడు ఎన్ని కాగితాల్లో అడ్రసు మార్చుకోవాల్సి వచ్చిందో మీ అత్తను అడుగు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. మద్రాసులో ఉద్యోగం, ఇరవయ్యారేళ్ల వయసు. పేర్ల మీద నెల రోజులు వాదించి నా మాటే నెగ్గించుకున్నాను. కోడ్‌లో రికార్డని చెప్పే స్ట్రక్ట్ అన్న మాట కనబడకూడదు, పాయింటర్ అని చెప్పే స్టార్ గుర్తూ కనబడకూడదు, అన్నీ టైప్‌డెఫ్ వెనకే, అంటే టైపుకు పెట్టే మారుపేరు వెనకే. అలా ఒక టైపుకు కస్టమర్ అని పేరు పెట్టాను. చూసినవాళ్లు రికార్డు అనుకుంటారు, నిజానికి అది రికార్డుకు పాయింటర్, అంటే మెమరీలో ఆ రికార్డు ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే. కొత్తగా చేరిన ఒకమ్మాయి, మెమరీ తెచ్చిపెట్టే మాలాక్‌కు ఎన్ని బైట్లు కావాలో చెప్పడానికి సైజాఫ్ కస్టమర్ (కస్టమర్ సైజు) అని ఇచ్చింది. రికార్డుకు రెండొందల బైట్లు కావాల్సిన చోట పాయింటర్ సైజు 4 బైట్లే వచ్చాయి. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ కిక్కురుమనలేదు. మా దగ్గర టెస్టింగ్‌లో బాగానే నడిచింది, బయటికి పంపాక రోజుకో చోట కూలింది. మూడు రాత్రులు ఇంటికి పోకుండా వెతికితే ఆ లైను దొరికింది. తప్పు ఆ పిల్లది కాదు, నేను పెట్టిన పేరుది. చూడగానే తెలిసింది నాకు. పొద్దున మేనేజరు అందరి ముందూ ఆమెను తిడుతుంటే నోరు తెరవలేదు. నెల తిరక్కుండానే ఆమె ఉద్యోగం మానేసి వాళ్ల ఊరు వెళ్లిపోయింది. ఆ తలవంచుకున్న ముఖం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది తల్లీ.

అలాంటి పేరుకు ముందు, మార్చొద్దని చెప్పే కాన్‌స్ట్ తగిలించినా కాపాడదు. పాయింటర్ మారదు, అది చూపించే రికార్డు మారిపోతూనే ఉంటుంది. స్ట్రక్చర్లకూ పాయింటర్లకూ టైప్‌డెఫ్ వద్దని లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ను రాసేవాళ్లు రాసుకున్నది ఊరికే కాదు. లోపలి సంగతి దాచాలంటే మిగతా కోడ్ చూసే హెడర్ ఫైల్లో స్ట్రక్ట్ పేరొక్కటే చెప్పండి, స్టార్ బయటే ఉండనీ. మాలాక్‌లో టైపు పేరు బదులు సైజాఫ్ స్టార్ పీ అని రాయించు, అంటే పీ అనే పాయింటర్ చూపించేదాని సైజు. తక్కినవాటిలో ఓడిపోయినా నాకు బాధ లేదు, ఈ ఒక్కటి వదలొద్దు.

ఇంకో మాట. వాదన మొదలైతే కంచంలో చేపల పులుసు చల్లారిపోయినా లేచేదానివి కాదు నువ్వు. ఆ మొండితనం అక్కడ చూపించకు. కొత్తగా చేరినవాళ్లను ముందు మాట్లాడనివ్వు. ఒక పేరు చూపించి, ఇది చూస్తే నీకేం అర్థమైందని అడుగు. వాళ్లు తప్పు చెబితే కోప్పడొద్దు, ఆ పేరు మార్చు.

గూడూరు నిమ్మకాయలతో పెద్దమ్మ ఊరగాయ పెట్టింది. శనివారం మీ నాన్నతో పంపిస్తున్నాను. మీటింగ్ అవగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న