గేమ్ డిజైన్ కోర్సులో రెండో ఏడాది, ఇంకా ఒక్క గేమూ పూర్తి చేయలేదు. మానేయనా?

మీ ప్రశ్న చదివాను. వైజాగ్‌లో గేమ్ డిజైన్ డిగ్రీ, లక్షల్లో ఫీజు, ఇప్పటిదాకా చేసిందల్లా త్రీడీ మోడళ్లు, రికార్డులు, పీపీటీలు. ఆడదగ్గ గేమ్ ఒక్కటీ చేతిలో లేదు, మానేసి ఇంట్లో కూర్చుని యూట్యూబ్‌లో నేర్చుకుంటే పోదా అని అడిగారు. నేనూ ఈ ఊళ్లోనే ఇలాంటి కోర్సు చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో మొబైల్ గేమ్‌లు చేసే చిన్న కంపెనీలో లెవెల్ డిజైన్, అంటే ఆటలో ఒక్కో దశని తీర్చిదిద్దే పని, చేస్తున్నాను. నన్నడిగితే ఇప్పుడే మానేయొద్దంటాను. మీ కోపంలో న్యాయం ఉంది, కాకపోతే అది ఎవరి మీద చూపించాలో తేల్చుకోవాలి.

చాలామంది ముందు సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. ల్యాబ్‌లో పాత వెర్షన్, అదీ సగం సిస్టమ్‌లలో తెరుచుకోదు. చిరాకు పుట్టే విషయమే. కానీ ఈ రంగంలో సిలబస్ ఎప్పుడూ వెనకే ఉంటుంది. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ని ఇంజిన్ అంటారు, అలాంటిదొకటి అమ్మే యూనిటీ కంపెనీ 2023 సెప్టెంబర్‌లో ఇన్‌స్టాల్‌ల లెక్కన ఫీజు వసూలు చేస్తామని ప్రకటించింది. ప్రపంచమంతా గొడవైంది, కొందరు గోడో అనే ఇంకో ఇంజిన్‌కి మారిపోయారు, ఏడాది తిరిగేసరికి, 2024 సెప్టెంబర్‌లో, ఆ ఫీజు రద్దయింది. ఏ యూనివర్సిటీ అయినా ఆ వేగంతో పాఠాలు మార్చగలదా? ఇక సార్ల సంగతి. మాకు చెప్పినవాళ్లలో ఒకరు యానిమేషన్ నుంచి, ఇంకొకరు కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చారు. మనసు పెట్టి చెప్పారు. మార్కెట్లోకి వచ్చిన గేమ్ మీద పనిచేసినవాళ్లు బెంగళూరు, పుణె, హైదరాబాద్ వదిలి ఇక్కడికి పాఠాలు చెప్పడానికి రావడం అరుదు. దానికి మా సార్లని అనలేం.

అసలు లోటు మార్కులు వేసే పద్ధతిలో ఉంది. మా ఫైనల్ ప్రాజెక్టులో డిజైన్ డాక్యుమెంట్‌కి మార్కులు, ప్రజెంటేషన్‌కి మార్కులు, వైవాకి మార్కులు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన గేమ్‌ని చేత్తో ముట్టుకోలేదు. మేం ఆడి చూపిస్తే ప్రొజెక్టర్ మీద చూశారు. చేసినవాళ్లే ఆడితే ఏ గేమైనా బాగానే కనిపిస్తుంది, ఎక్కడ ఎప్పుడు దూకాలో వాళ్లకి ముందే తెలుసు కదా. డిజైన్ అనే విద్య మొదలయ్యేది, తెలియని మనిషి చేతికి గేమ్ ఇచ్చి మనం నోరు మూసుకుని పక్కన కూర్చున్నప్పుడు. మూడేళ్ల కోర్సులో మాకు ఆ ఒక్కటీ ఎవరూ పెట్టలేదు. ఇప్పటికీ నాకు బాధ కలిగించేది అదే.

మేం మద్దిలపాలెంలో అద్దెకుండే ఇంట్లో, ఓనర్ గారబ్బాయి ఎనిమిదో తరగతి. వాడికి మా గేమ్ ఇచ్చాం. రాళ్ల మీద నుంచి రాళ్ల మీదకి దూకాలి, అంతే. ప్రతి అంచు దగ్గరా పడిపోతున్నాడు. "నొక్కాను కదన్నా, ఎగరట్లేదేంటి?" అంటాడు. వాడు నిజంగానే నొక్కుతున్నాడు, కాకపోతే బొమ్మ కాలు అంచు దాటిన మరుక్షణం నొక్కుతున్నాడు. కోడ్ లెక్కన అప్పటికే బొమ్మ గాల్లో ఉంది, కాబట్టి దూకనివ్వదు. అంచు దాటాక కూడా సెకనులో పదో వంతు దాకా దూకనిచ్చేలా మార్చి మళ్లీ ఇచ్చాం. పడటం తగ్గిపోయింది, అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. దీన్ని కయోటీ టైమ్ అంటారు, ఇలా దూకే గేమ్‌లలో మామూలుగా వాడేదే. మా డిజైన్ డాక్యుమెంట్‌లో హీరో పుట్టుక నుంచి విలన్ పగ దాకా అన్నీ ఉన్నాయి, ఇది మాత్రం లేదు.

వేరేవాళ్ల సిస్టమ్‌లో నడిపించినా చాలా బయటపడతాయి. సెకనుకు 30 ఫ్రేములు, అంటే తెర మీద 30 చిత్రాలు, వచ్చే ల్యాబ్ కంప్యూటర్‌లో కుదురుగా నడిచే బొమ్మ, 60 వచ్చే ల్యాప్‌టాప్‌లో రెట్టింపు వేగంతో పరుగెడుతుంది. కదలికని ఫ్రేముల లెక్కన కాకుండా గడిచిన సమయం లెక్కన రాస్తే సరిపోతుంది. రెండు మెషీన్లలో ఆడిస్తే తప్ప ఆ తేడా కంటికి కనపడదు.

కాబట్టి ఈ సెమిస్టర్‌లోనే ఒక చిన్న గేమ్ పూర్తి చేయండి. ఒకే స్క్రీన్, ఒకే పని, రెండు నిమిషాల ఆట. ల్యాప్‌టాప్ బలహీనమైతే గోడో చాలు, అది ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. చిన్న గేమ్‌లు పెట్టుకునే ఇచ్‌ డాట్ ఐఓ సైట్‌లో బ్రౌజర్‌లోనే ఆడేలా పెడితే పైసా ఖర్చు లేదు. ప్లే స్టోర్‌కైతే ఒకసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు విడుదలకి ముందు కనీసం 12 మందితో 14 రోజులు వరసగా టెస్టింగ్ నడిపించాలన్న నిబంధన కూడా ఉంది. దాన్ని అడ్డంకి అనుకోకండి, ఆడేవాళ్లని వెతుక్కోక తప్పని పరిస్థితి అదే తెస్తుంది. జనవరి చివర్లో గ్లోబల్ గేమ్ జామ్ అని, కొద్ది రోజుల్లోనే గేమ్ చేసే కార్యక్రమం ఉంటుంది, 2009 నుంచి ఏటా జరుగుతోంది, అప్పటికప్పుడు ఇచ్చిన థీమ్ మీద గేమ్ చేయాలి. నవంబర్‌లో వీలైతే ఐజీడీసీ అనే గేమ్ డెవలపర్ల సదస్సుకి వెళ్లండి.

మానేయొద్దని ఎందుకన్నానంటే, బొమ్మలు గీసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు, సౌండ్ చేసేవాళ్లు ఒకే క్లాసులో మళ్లీ దొరకరు. గ్రూప్ ప్రాజెక్టులో పనంతా ఒక్కరి నెత్తినే పడుతుందని రాశారు, అది మాకూ జరిగింది. కష్టపడే ఇద్దరిని చూసుకుని మార్కులతో సంబంధం లేని పని మొదలుపెట్టండి. ఇంకో మాట, ఫ్రెషర్‌కి నేరుగా గేమ్ డిజైనర్ ఉద్యోగం దొరకడం కష్టం. టెస్టర్‌గానో, ఆర్టిస్ట్‌గానో, ప్రోగ్రామర్‌గానో లోపలికి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఇంటర్వ్యూలో నన్ను సర్టిఫికెట్ అడిగారు, కానీ మాట్లాడినంతసేపూ ఆ రాళ్ల గేమ్ గురించే మాట్లాడారు.

కాలేజీలో కూడా ఒకటి అడిగి చూడండి. క్లాసంతా సంతకాలు పెట్టి హెచ్‌ఓడీ గారికి లెటర్ ఇవ్వండి. సిలబస్ మార్చమని రాయొద్దు, అది ఆయన చేతిలో లేదు. నెలకో శనివారం మధ్యాహ్నం ల్యాబ్ తెరిచి, వేరే బ్రాంచి పిల్లల్ని పిలిచి మా గేమ్‌లు ఆడించుకోనివ్వండి అని రాయండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు, తాళం చెవి చాలు.