ఈజిప్టు బొమ్మల లిపిని సొంతంగా నేర్చుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

నేర్చుకోవచ్చు. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చరిత్రలో డిగ్రీ లేదు. అయినా మ్యూజియంలో ఒక సమాధి ఫలకం ముందు నిలబడి చాలావరకు కూడబలుక్కుని చదవగలను. పేపిరస్ మీద కలంతో రాసిన గొలుసుకట్టు రాత, అదే హైరాటిక్, మాత్రం నాకు కొరుకుడు పడలేదు. కాబట్టి రాతి మీద చెక్కిన హైరోగ్లిఫ్‌ల గురించే చెబుతాను.

ముందు ఒక అపోహ వదిలించుకోండి. అవి బొమ్మలే గానీ, ఎక్కువ భాగం పలికేది శబ్దాన్నే. నోటి బొమ్మ ‘ర’, నీటి అల ‘న’, గుడ్లగూబ ‘మ’. ఇలా ఒక్కో హల్లుకి ఒక్కో గుర్తు చొప్పున దాదాపు 24 ఉంటాయి. మిగతావాటిలో చాలా గుర్తులు రెండు మూడు హల్లుల్ని కలిపి చెబుతాయి. ఇంటి బొమ్మ పలికేది ‘ప-ర’. దాని కింద నోరు గీస్తే ఆ ‘ర’ని మళ్ళీ గుర్తుచేసినట్టు. చివర నడిచే కాళ్ళు పెడితే ‘బయటికి వెళ్ళు’ అని అర్థం. ఆ కాళ్ళకి ఉచ్చారణ ఉండదు, ఇది కదలికకు సంబంధించిన మాట అని చెప్పడానికే వాటిని పెట్టేది.

అచ్చులు రాయరు. గుణింతాలు వల్లెవేసి పెరిగినవాళ్ళం కదా, మొదట్లో నాకు మహా చిరాకేసింది. నెఫెర్‌తితి లాంటి పేర్లలో ఆ ‘ఎ’లు చాలావరకు పలకడానికి వీలుగా పండితులు చొప్పించినవే. అసలు అచ్చుల జాడ కొంత కాప్టిక్‌లో దొరుకుతుంది. అది ఈజిప్టు భాషకి ఆఖరి రూపం. గ్రీకు అక్షరాలకి పాత లిపి నుంచి కొన్ని గుర్తులు కలిపి రాసేవారు. ఇప్పటికీ ఈజిప్టు క్రైస్తవుల కాప్టిక్ చర్చి ప్రార్థనల్లో వినిపిస్తుంది. 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ ఈ లిపి గుట్టు విప్పగలిగాడంటే, కాప్టిక్ బాగా వచ్చి ఉండడం పెద్ద కారణం.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. చాలామంది రోసెట్టా శిలతో, అంటే ఒకే శాసనాన్ని గ్రీకుతో సహా మూడు లిపుల్లో చెక్కిన రాయితో, మొదలుపెడదామనుకుంటారు. వద్దు. క్రీ.పూ. 196 నాటి ఆ శాసనంలో హైరోగ్లిఫ్ భాగం విరిగిపోయి 14 పంక్తులే మిగిలాయి. పైగా ఆ కాలపు రాత కొత్తవాళ్ళకి కష్టం. నేను లండన్‌లో ఉన్న రోజుల్లో బ్రిటిష్ మ్యూజియంకి తరచూ వెళ్ళేవాణ్ణి (ప్రవేశం ఉచితం, అదీ ఒక కారణమే). ఆ శిల చుట్టూ ఫోన్లు పట్టుకుని తోపులాట. నాలుగడుగులు అవతలున్న సమాధి ఫలకాల దగ్గర నరమానవుడు ఉండడు! నేర్చుకోవడానికి పనికొచ్చేవి అవే.

ఎందుకంటే వాటిలో చాలావాటి మీద ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ వస్తుంది. ‘హెతెప్ ది నెసు’, అంటే రాజు ఇచ్చే నైవేద్యం. పలికేటప్పుడు రాజు చివర్లో వచ్చినా, రాతలో మర్యాద కోసం ఆయన్నే ముందు పెడతారు. తుతన్‌ఖామున్ పేరులో ఆమున్ దేవుణ్ణి ముందు రాసేదీ అందుకే. తర్వాత సాధారణంగా మృతుల లోకపు దేవుడు ఒసైరిస్ పేరు, ఆ తర్వాత తామర గుర్తు. అది పువ్వు కాదు, 1000 అనే అంకె. వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు, ఎద్దులు, పక్షులు, బట్టలు. ఎద్దుకీ పక్షికీ చాలాసార్లు తల మాత్రమే చెక్కి వదిలేస్తారు. చివర్లో చనిపోయినవారి పేరు. ఈ వాక్యం ఒక్కటి నోటికొస్తే, ఏ మ్యూజియంకి వెళ్ళినా ఏదో ఒక ఫలకం మీద తెలిసిన ముక్క కనిపిస్తుంది.

దిక్కు తెలియకపోతే పక్షులూ మనుషులూ ఎటు చూస్తున్నారో చూడండి. వాటి ముఖాలకి ఎదురుగా చదువుకుంటూ వెళ్ళాలి.

పక్షుల్లో ఒక జంటతో మాత్రం జాగ్రత్త. తోక చీలి ఉంటే వానకోయిల, ‘గొప్ప’ అనే మాటలో వస్తుంది. తోక గుండ్రంగా ఉంటే పిచ్చుక, చెడ్డవీ అల్పమైనవీ చెప్పే మాటల చివర పెడతారు. అరిగిపోయిన రాతి మీద ఆ తేడా ఎదురుగా నిలబడితే తెలియదు, కాస్త పక్కకి జరిగి వెలుతురు ఏటవాలుగా పడే చోటి నుంచి చూడండి.